తమ్ముడు గది దాటి రావడం లేదు, ఇది ఆటిజం ముదరడమా అని అడిగినవారికి

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పుంటే సరిచేయండి. మీ తమ్ముడికి 22 ఏళ్లు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలపడం కష్టమయ్యే తీరు) రెండూ ఉన్నాయని 19వ ఏట విశాఖలో డాక్టర్ చెప్పారు. ఇంజినీరింగ్ మూడో ఏడాది మధ్యలో ఆపేసి టెక్కలి దగ్గర మీ ఊరికి వచ్చేశాడు. ఎనిమిది నెలలుగా గదిలోనే ఉంటున్నాడు, రాత్రంతా మేలుకుని ఫోన్లో తుఫాన్ల మ్యాపులు చూస్తాడు, పగలు పడుకుంటాడు, పలకరిస్తే ఊ అంటాడు, ఒక్కోసారి అదీ అనడు. నాన్నగారు సోమరితనం అంటున్నారు, అమ్మగారు ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారంటున్నారు, మేనత్త పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుంది అంటోంది. మీరు విశాఖలో ఉద్యోగం చేస్తూ, మానేసి ఇంటికి వచ్చేయాలా అని కూడా అడిగారు. నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి పిల్లలతో, పెద్దవాళ్లతో, వాళ్ల ఇళ్లవాళ్లతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న సైకాలజిస్టుని. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆటిజం ముదరదు. అది జ్వరంలా పెరిగి తగ్గేది కాదు, పుట్టుకతో వచ్చిన మెదడు తీరు, ఏడీహెచ్‌డీ కూడా అంతే. ఈ ఎనిమిది నెలల్లో వచ్చింది వేరే సంగతి. అది డిప్రెషన్ కావచ్చు, ఏళ్ల తరబడి అలసిపోయి ఆటిస్టిక్ బర్నౌట్ అనే దశకు చేరడం కావచ్చు, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. ఈ తేడా ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ప్రతిదానికీ "వాడికి ఆటిజం కదా, అలాగే ఉంటాడు" అనేస్తే వైద్యం చేయదగ్గ జబ్బు వైద్యం లేకుండా ఉండిపోతుంది. ఇంట్లోవాళ్లే కాదు, డాక్టర్లు కూడా ఒక్కోసారి ఇదే మాట అనేస్తారు.

పోల్చాలంటే మూడేళ్ల కిందటి మీ తమ్ముడితోనే పోల్చండి. అతను మొదటి నుంచీ తక్కువ మాట్లాడేవాడే అయితే మౌనం పెద్ద గుర్తు కాదు. కానీ అప్పుడు మీతో వాట్సాప్‌లో గంటలు గంటలు బంగాళాఖాతంలో అల్పపీడనాల గురించి రాసేవాడని మీరే రాశారు, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి 15 ఏళ్ల కుర్రాడు ఇంట్లో అందరికంటే ముందు చెప్పాడని కూడా రాశారు. ఇప్పుడు ఆ మ్యాపులు చూస్తున్నాడు గానీ మీకు ఏమీ రాయడం లేదు. నాకు అనుమానం కలిగించింది అదే. ఇష్టమైనది చూస్తూ కూడా దాని గురించి ఒక్క ముక్క చెప్పాలనిపించకపోవడం గమనించాల్సిన మార్పు.

ఇప్పుడు అన్నిటికంటే ముందు చేయాల్సింది. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని అతన్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో, ముఖ్యంగా తెలివితేటలకు లోటు లేనివాళ్లలో, ఆత్మహత్య ప్రమాదం మామూలు జనం కంటే చాలా ఎక్కువని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం సహా చాలా పరిశోధనలు చూపించాయి. అడిగేటప్పుడు "ఏం బాధగా ఉందా నాన్నా" లాంటి డొంకతిరుగుడు ప్రశ్న పనికిరాదు, "ఈ వారంలో చనిపోవాలని అనిపించిందా, ఎలా అన్నది ఆలోచించావా" అని ముక్కుసూటిగా, కుదిరితే మెసేజ్‌లో రాసి అడగండి. మొహంలో ఏ భావమూ లేకుండా "అవును" అంటే ఊరికే అంటున్నాడనుకోవద్దు, అతని మొహాన్ని బట్టి తీవ్రత అంచనా వేయలేం. మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఈ రోజే తాళం వేసిన చోటికి మార్పించండి, లేదా ఊళ్లో ఇంకొకరి కొట్టులో పెట్టించండి. నాన్నగారికి కారణం చెప్పడం ఇబ్బందైతే పిల్లలు తిరుగుతారనో ఇంకొకటో చెప్పండి, ఏం ఫర్వాలేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్లో కొత్తవాళ్లతో మాట్లాడటం అతనికి నరకం అయితే అతని తరఫున మీరే చేయవచ్చు. ప్రయత్నం జరిగిపోతే 108, ఇంకేమీ ఆలోచించకండి.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. ఆటిజం ఉన్న యువకుల్లో కొందరికి ఈ వయసులో కాటటోనియా వస్తుంది. ముద్ద చేతిలో పట్టుకుని నోటిదాకా తీసుకెళ్లలేక ఆగిపోవడం, గుమ్మం దాటబోయి అలాగే నిలబడిపోవడం, కదలికలు బాగా నెమ్మదించడం, తినడం తాగడం తగ్గిపోవడం. ఇలాంటివి కనిపిస్తే మొండితనం అనుకుని కేకలేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సమయానికి చేరితే వైద్యంతో చాలామందికి తగ్గుతుంది.

ఈ రెండూ లేవనుకుందాం. అప్పుడు ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చూడాలి, ఎందుకంటే దాన్ని బట్టే ఇంట్లో ఏం మార్చాలో తెలుస్తుంది. మీరు రాసిన దాని ప్రకారం ఇంటర్ రెండేళ్లూ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి రాత్రి పదింటి వరకు స్టడీ అవర్లు, ఆ తర్వాత హాస్టల్లో ఒకే గదిలో ఐదుగురు, రాత్రి ఒంటిగంట వరకు ట్యూబ్‌లైట్, పాటలు, మెస్‌లో గోల. ఆ గోలలో అతను ఏళ్ల తరబడి అందరిలా కనబడ్డాడు. కళ్లలోకి చూడటం కష్టంగా ఉన్నా చూశాడు, అర్థం కాని జోకులకు నవ్వాడు, చేతులు ఊపాలనిపిస్తే జేబులో దాచుకున్నాడు. దీన్నే మాస్కింగ్ అంటారు, బయటికి బాగా సర్దుకున్నట్టు ఉంటుంది, లోపల రోజంతా ఒకరి వేషం వేసుకుని తిరిగినంత శ్రమ. ఇలా ఎక్కువ దాచుకునేవాళ్లలోనే ఆందోళన, డిప్రెషన్, చనిపోవాలనే ఆలోచనలు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. "కాలేజీలో బాగానే ఉన్నాడు కదా, ఇప్పుడే ఎందుకు ఇలా" అన్న మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇదే. అలా బాగానే ఉన్నట్టు కనబడినందుకే ఇప్పుడు ఇలా ఉన్నాడు.

నాన్నగారికి ఇది నా మాటల్లో చెబితే ఎక్కకపోవచ్చు, పొలం భాషలో చెప్పండి. లో వోల్టేజీలో మోటారు ఆన్ చేస్తే నీళ్లు రావు సరికదా, వైండింగ్ కాలిపోతుంది. వోల్టేజీ వచ్చేదాకా స్విచ్ జోలికి వెళ్లం. పొద్దున్నే లేపి "ఏదో ఒకటి చెయ్యి" అని ఆయన రోజూ చేస్తున్నది లో వోల్టేజీలో స్విచ్ నొక్కడమే.

కాబట్టి మొదటి కొన్ని వారాలు పని ఒక్కటే, బరువు తగ్గించడం. చదువు, ఉద్యోగం, బ్యాక్‌లాగ్స్, పెళ్లి, ఈ మాటలు ఇంట్లో ఆగిపోవాలి, అతని వెనకాల కూడా. ఆ గోడలకి మాట ఆగదు, వాడికి అన్నీ వినిపిస్తాయి. చుట్టాలు వచ్చినప్పుడు బయటికి వచ్చి నమస్కారం పెట్టాలన్న నియమం తీసేయండి. ఇది సుఖపెట్టి చెడగొట్టడం అని ఎవరైనా అంటే అననివ్వండి. ఊరికే పడుకోబెట్టమని నేను చెప్పడం లేదు, శక్తి తిరిగి వచ్చే చోటు లేకుండా ఏ కౌన్సెలింగూ ఏ మందూ సరిగా పనిచేయడం నేను చూడలేదు.

శబ్దాలు, వెలుతురు, బట్టలు, వాసనలు కూడా ఆ బరువులో భాగమే, ఇళ్లవాళ్లు దీన్ని చాలా తేలిగ్గా తీసుకుంటారు. ట్యూబ్‌లైట్ తీసేసి పసుపు కాంతి బల్బు పెట్టండి. మన తీరంలో మే నెల ఉక్కపోతలో పాలిస్టర్ చొక్కా ఒంటికి అంటుకుంటే మనకే చిరాకు, అతనికి ఒళ్లంతా గీరుతున్నట్టుంటుంది, మెత్తబడిన పాత కాటన్ బట్టలే వేసుకోనివ్వండి. చెవులకు వేసుకునే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ల మీద పెట్టే డబ్బు వృథా కాదు. పక్క వీధిలో పెళ్లికి డీజే పెడుతున్నారని ముందే తెలిస్తే ఆ రాత్రికి మీ దగ్గరికో పిన్నిగారి ఇంటికో వెళ్లే ఏర్పాటు చేయండి. విజయనగరంలో నాకు తెలిసిన కొన్ని కుటుంబాలు పైడితల్లమ్మ సిరిమాను రోజున పిల్లల్ని తీసుకుని ఊరు దాటిపోతాయి, ముందు రోజో తర్వాత రోజో వెళ్లి దణ్ణం పెట్టుకుంటాయి. అమ్మవారికి ఏ కోపమూ రాలేదు.

మాట్లాడే తీరు. "ఎలా ఉన్నావు" అన్న ప్రశ్న మానేయండి. ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి లోపల కలుగుతున్నది ఏ భావమో పట్టుకుని పేరు పెట్టడమే కష్టం, ఇంక మనకేం చెబుతారు. కొందరికి ఆకలి, దాహం కూడా ఆలస్యంగా తెలుస్తాయి. దాని బదులు ఎంచుకోవడానికి వీలైన ప్రశ్నలు అడగండి, ఈ రోజు తల భారమా, కడుపులో తిప్పుతోందా, ఒళ్లు నొప్పులా, సున్నా నుంచి పది వరకు శక్తి ఎంత. మెసేజ్ పెట్టి, జవాబు రేపు ఇచ్చినా చాలు అని రాయండి. పక్కపక్కన కూర్చుని ఎటో చూస్తూ మాట్లాడితే ఎదురెదురుగా కంటే బాగా మాట్లాడతారు, స్కూటర్ మీద వెనక కూర్చున్నప్పుడు ఎక్కువ మాటలు వస్తాయని చాలామంది అమ్మలు చెబుతుంటారు. డేమియన్ మిల్టన్ అనే బ్రిటన్ పరిశోధకుడు, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట రాశారు: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుంది, ఆటిజం లేనివాళ్లకు కూడా ఆటిజం ఉన్నవాళ్ల మనసు తెలియదు అని. ఇళ్లల్లో చూస్తే ఇది నిజమే అనిపిస్తుంది. అతనికి మన తీరు నేర్పాలని ఇరవై ఏళ్లు కష్టపడ్డాం, అతని తీరు నేర్చుకోవడానికి ఎవరూ కూర్చోలేదు.

తుఫాన్ల మ్యాపులు లాక్కోవద్దు. నాన్నగారు రెండుసార్లు ఫోన్ తీసేసుకున్నారని రాశారు, మూడోసారి జరగకుండా చూడండి. అతని ప్రపంచంలో ఇప్పటికీ వెలుగుతున్నది అదొక్కటే. మీరే వాతావరణ శాఖ బులెటిన్ ఒకటి పంపి "ఇది ఒడిశా వైపు వెళ్తుందా మన వైపా" అని నిజంగా తెలుసుకోవాలని అడగండి, జవాబు రాకపోయినా వారం ఆగి మళ్లీ అడగండి. దాన్ని వెంటనే కెరీర్‌గా మార్చేయాలని మాత్రం చూడకండి, ఇష్టం కాస్తా ఇంకో పరీక్ష అయిపోతుంది.

నిద్ర గురించి. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, దానికి డిప్రెషన్ తోడైతే రాత్రి పగలు తారుమారవుతాయి. రేపటి నుంచి ఐదింటికి లేవాలి అంటే కుదరదు. కొద్దికొద్దిగా, అరగంట చొప్పున త్వరగా లేచేలా చూడటం, లేచిన వెంటనే డాబా మీదో వాకిట్లోనో ఎండ తగిలేలా కాసేపు కూర్చోవడం, ఇవి ముందు. నిద్ర వేళను సర్దే మెలటోనిన్ మాత్ర డాక్టర్‌ని అడిగి వాడొచ్చు, షాపులో కొని సొంతంగా వద్దు. తిండి విషయంలో రోజూ పెరుగన్నమే తింటానంటే పెరుగన్నమే పెట్టండి, చోడి అంబలి ఇష్టమైతే అదీ మంచిదే, పోరు పెట్టకండి. కాకపోతే బరువు తగ్గుతున్నాడా చూసి, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, రక్తహీనత పరీక్షలు ఒకసారి చేయించండి. ఒకే రకం తిండి తినేవాళ్లలో వీటి లోటు కూడా నీరసాన్ని, దిగులును పెంచుతుంది.

డాక్టర్ దగ్గరికి. శ్రీకాకుళం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది, విజయనగరంలోనూ 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. పెద్ద చోటు కావాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. ఆ పేరు ఎత్తగానే ఊళ్లో చెవులు కొరుక్కుంటారని భయపడతారు, మీరు విశాఖలోనే ఉన్నారు కాబట్టి మీ ఇంటికి వచ్చాడని చెబితే సరిపోతుంది. ఓపీలో దొరికేది కొద్ది నిమిషాలే, అందుకని ఒక పేజీ రాసుకెళ్లండి: చిన్నప్పుడు మాటలు ఎప్పుడొచ్చాయి, బడిలో ఎలా ఉండేవాడు, ఏ శబ్దాలు పడవు, ఎప్పటి నుంచి ఏం మారింది, నిద్ర, తిండి, మునుపు వాడిన మందులు. ఈ పేజీ వల్ల ఇంకో మేలు ఉంది. తనలో తాను మాట్లాడుకోవడం, మొహంలో భావం లేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబివ్వడం చూసి హడావుడిలో స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, లేని అనుమానాలు రావడం లాంటివి ఉండే తీవ్రమైన మానసిక జబ్బు) అనుకునే ప్రమాదం ఉంది. చిన్నప్పటి నుంచీ ఇలాగే మాట్లాడుకుంటాడు అన్న ఒక్క వాక్యం ఆ పొరపాటును ఆపగలదు. టోకెన్ తీసుకుని మీరు లైన్లో ఉండండి, అతను బయట ఆటోలోనో చెట్టు కిందో కూర్చుని పిలుపు వచ్చాక రావచ్చు.

ఆటిజానికి మందు లేదు, ఉందని ఎవరైనా అమ్మితే డబ్బు దండగ. డిప్రెషన్‌కి, ఆందోళనకి మందులు ఉన్నాయి, పనిచేస్తాయి. కొందరు ఆటిజం ఉన్నవాళ్లకు చిన్న డోసుకే దుష్ప్రభావాలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచమని అడగండి, మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి, చనిపోవాలనే మాటలు పెరిగితే వెంటనే డాక్టర్‌కి చెప్పండి, బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపేయకండి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ నియంత్రణలో ఉన్న మందు, ప్రతి మెడికల్ షాపులో దొరకదు, ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. అది ఆకలి తగ్గిస్తుంది, ఇప్పుడున్న స్థితిలో ముందు దిగులుకి వైద్యమా దీనికా అన్నది డాక్టర్ తేల్చాలి.

కౌన్సెలర్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి, ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో పనిచేశారా అని. "కళ్లలోకి చూసి మాట్లాడటం నేర్పిస్తాం" అనే చోట నాకు నమ్మకం లేదు. ఆలోచనల్ని కాగితం మీద రాసి, బొమ్మ గీసి, అంకెలు వేసి చూపించేవాళ్లు, సెషన్ చిన్నగా పెట్టేవాళ్లు, తుఫాన్ల గురించి మాట్లాడుతూనే ఆందోళన గురించి మాట్లాడగలిగేవాళ్లు కావాలి. ఆన్‌లైన్‌లో కెమెరా ఆపి, చాట్‌లో రాస్తూ చేసినా తప్పులేదు.

అతను 22 ఏళ్ల మనిషి అన్నది మరచిపోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన తరఫున మాట్లాడే మనిషిని తనే తెల్లకాగితం మీద రాసి ఎంచుకోవచ్చు, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు. మిమ్మల్ని రాసుకుంటాడేమో అడగండి. మోసం చేసి ఎక్కడికో అని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లకండి, ఒక్కసారి అలా జరిగితే మళ్లీ మీతో ఏ బండీ ఎక్కడు.

సర్టిఫికెట్ సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బందులు, మానసిక జబ్బులు కూడా ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చే వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేసుకోవాలి. 40 శాతం, ఆపైన వస్తే పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం ఉన్న వర్గానికి వాటా. 40 కంటే తక్కువ వచ్చినా రాయడంలో ఇబ్బంది ఉంటే సహాయం ఇవ్వాలని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2022లో దానికి మార్గదర్శకాలూ వచ్చాయి. ఇదంతా ఇప్పుడే కాదు. అతను కాస్త తేరుకున్నాక, అతనే సరేనంటే. తొందరపడి తీయించిన సర్టిఫికెట్ కొందరికి అవమానంలా తగులుతుంది.

అమ్మగారి చిల్లంగి నమ్మకంతో యుద్ధం పెట్టుకోకండి. అరసవల్లిలో మొక్కు తీర్చుకుంటానంటే తీర్చుకోనివ్వండి, ఆమె భయానికి అదొక ఊతం. రథసప్తమి తొక్కిసలాటలోకి అతన్ని లాక్కెళ్లడం, కొట్టి దెయ్యం వదిలిస్తానన్న మనిషి దగ్గర కూర్చోబెట్టడం మాత్రం జరగకూడదు, అక్కడ మీరు అడ్డుపడండి, గొడవైనా సరే. పెళ్లి మాటకు నా జవాబు ఒకటే. మంచం దిగలేని మనిషికి ఇంకొక మనిషి బాధ్యత అప్పగించడం ఆ అమ్మాయికి కూడా అన్యాయం. ఆటిజం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుని హాయిగా ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్లు కావాలనుకుని చేసుకున్నారు.

ఇది చదువుతున్న ఆడవాళ్లకు ఒక మాట, ఇక్కడ అడగకపోయినా. కొడుక్కి ఆటిజం అని తేలాక "నాకూ చిన్నప్పటి నుంచి ఇంతే" అని తడుముకునే అమ్మలు నాకు ఎందరో కనిపించారు. ఆడపిల్లలు ఇంకా బాగా దాచుకోవడం నేర్చుకుంటారు, అందుకే ముప్పై దాటాకగానీ బయటపడదు. మీకూ ఆ సందేహం ఉంటే విడిగా రాయండి.

ఇక ఉద్యోగం మానేయాలా అన్నది. వద్దు, ఇప్పుడే వద్దు. మీ జీతం ఆ ఇంటికి కావాలి, మీకు ఆ ఇంటి బయట ఒక జీవితం కావాలి, చూసుకునేవాళ్లు కూలిపోతే అతనికి మిగిలేది ఎవరు. నెలలో రెండు ఆదివారాలు వెళ్లండి, వస్తున్నానని ముందు రోజే టైముతో సహా మెసేజ్ పెట్టండి, చెప్పిన టైముకే వెళ్లండి, గదిలో కూర్చుని మీ పని మీరు చేసుకోండి. మొదటిసారి ఏమీ మాట్లాడకపోవచ్చు. రెండు మూడు వారాల తర్వాత ఇక్కడ మళ్లీ రాయండి: ఆత్మహత్య ప్రశ్నకు ఏం జవాబిచ్చాడు, రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, బరువు ఎంతుంది, మందులు మొదలైతే పేరు, డోసు. మీ పేర్లు, ఊరి పేరు రాయకండి.